జపాన్‌లో ఆరోగ్యం, వృద్ధాప్యం, వంటిల్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జపాన్ గురించే. పిల్లలు అక్కడ స్థిరపడ్డ తల్లిదండ్రులు, ఉద్యోగానికి బయల్దేరుతున్న వాళ్లు, అక్కడి జీవితం మీద ఆసక్తి ఉన్నవాళ్లు రాశారు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి యొకొహామాలో ఉంటాడు. జనవరిలో మేమిద్దరం వెళ్లి మూడు నెలలు ఉండి రావాలని అనుకుంటున్నాం. నాకు బీపీ, ఆయనకు షుగర్. మందులు మూడు నెలలకు సరిపడా పట్టుకెళ్లొచ్చా? అక్కడ పెద్దవాళ్లు స్నానాల తొట్టెలో ప్రాణాలు పోగొట్టుకుంటున్నారని చదివాను. నిజమేనా? (విజయవాడ)

డాక్టరు చీటీ మీద కొనే మందులు ఒక నెలకు సరిపడా అయితే ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. చీటీ లేకుండా కొనే మామూలు మందులకు రెండు నెలల దాకా వెసులుబాటు ఉంది. మీరు మూడు నెలలు ఉంటున్నారు కాబట్టి ‘యున్యూ కకునిన్‌షో’ అనే దిగుమతి ధ్రువపత్రం ముందే తీసుకోవాలి. దీనికి రుసుము లేదు, ఆన్‌లైన్లో దరఖాస్తు చేయొచ్చు. మందు పేరు, అందులోని రసాయనం పేరు, రోజుకు ఎన్ని, మొత్తం ఎన్ని అన్నవి డాక్టరు చేత ఇంగ్లీషులో రాయించి, విమాన వివరాలతో జతచేయాలి. ఇన్సులిన్ సూదులకూ ఒక నెల లెక్కే. ఇక్కడ చాలామంది మాత్రలను స్ట్రిప్పుల్లోంచి తీసి డబ్బాల్లో పోసుకుంటారు. ఆ పని చేయకండి, కస్టమ్స్‌లో ఏ మాత్ర ఏదో చూపించలేరు. జలుబు మాత్రల విషయంలో మరీ జాగ్రత్త. సూడోఎఫెడ్రిన్ 10 శాతానికి మించి ఉన్నవాటిని అనుమతి లేకుండా తీసుకెళ్లడం నేరం. ఆంఫెటమిన్ ఉన్న మందులకైతే డాక్టరు చీటీ ఉన్నా ప్రవేశం లేదు. సందర్శకులకు జపాన్ ఆరోగ్య బీమా వర్తించదు కాబట్టి, ఉన్న జబ్బులకూ వర్తించే ప్రయాణ బీమా ఇక్కడే తీసుకోండి.

ఇక స్నానం సంగతి నిజమే. తొట్టెలో మునిగి చనిపోయే వృద్ధుల సంఖ్య రోడ్డు ప్రమాదాల్లో చనిపోయే వృద్ధుల కన్నా ఎక్కువని అక్కడి వినియోగదారుల వ్యవహారాల సంస్థే హెచ్చరించింది. చలికాలంలో ఇవి పెరుగుతాయి. జపాన్ ఇళ్లలో మనుషులున్న గదినే వేడిచేస్తారు. బట్టలు విప్పే చిన్న గది, స్నానాల గది మంచులా ఉంటాయి. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. వేడినీళ్లలో దిగి కాసేపు కూర్చుంటే అదే బీపీ పడిపోతుంది. లేవబోయేసరికి కళ్లు తిరుగుతాయి, లేదా కూర్చున్నచోటే స్పృహ తప్పి ముఖం నీళ్లలోకి జారుతుంది. బీపీ మాత్ర వేసుకునేవాళ్లకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

గోడ మీది మీటలో నీటి వేడిని 40 డిగ్రీలకు పెట్టమని మీ అబ్బాయికి చెప్పండి, 41 దాటనివ్వకండి. తొట్టెలో పది నిమిషాలకు మించి కూర్చోవద్దు. దిగే ముందు బట్టల గదిలో చిన్న హీటరు పెట్టించండి. షవర్‌తో వేడినీళ్లు నేల మీద పోసినా, తొట్టె మూత కాసేపు తీసి ఉంచినా స్నానాల గది వెచ్చబడుతుంది. భోజనం కాగానే, మద్యం తాగాక దిగకూడదు. దిగేముందు ఇంట్లోవాళ్లకు చెప్పాలి, లేచేటప్పుడు అంచు పట్టుకుని నెమ్మదిగా లేవాలి. ఎవరైనా మునిగిపోయి కనిపిస్తే వెంటనే తొట్టె అడుగునున్న బిరడా లాగేసి, ముఖం పైకెత్తి పట్టుకుని, అంబులెన్సు నంబరు 119కి ఫోన్ చేయాలి. ఇంకొకటి: ఒంటిని తొట్టె బయటే సబ్బుతో శుభ్రంగా కడుక్కుని తర్వాతే నీళ్లలో దిగుతారు. ఆ నీళ్లే ఇంట్లో అందరికీ. మీ వంతు కాగానే నీళ్లు వదిలేయకండి.

ప్రశ్న: మేం కొత్తగా తోక్యో వచ్చి నిషికసాయ్‌లో దిగాం. పాపకు జ్వరం వస్తే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. చూడటానికే అదనంగా వేల యెన్లు వేశారు. ఇక్కడ బీమా అసలు ఎలా పనిచేస్తుంది? (తోక్యో)

ఆ అదనపు సొమ్ము మోసం కాదు, నియమమే. 200 పడకలకు మించిన నిర్ణీత ఆసుపత్రులకు చిన్న క్లినిక్కు రాసిచ్చిన పరిచయ పత్రం లేకుండా నేరుగా వెళ్తే మొదటిసారి కనీసం 7,000 యెన్లు వేస్తారు. 2022 అక్టోబరు నుంచి ఈ మొత్తం అమల్లో ఉంది. జ్వరానికి వీధిలోని పిల్లల క్లినిక్కే సరైన చోటు. రాత్రిపూట సందేహం వస్తే పిల్లల కోసం #8000, పెద్దల కోసం చాలా ప్రాంతాల్లో #7119 ఉన్నాయి. ఆసుపత్రికి వెళ్లాలా, తెల్లవారేదాకా ఆగొచ్చా అన్నది అక్కడ చెబుతారు. ప్రాణం మీదికి వస్తే మాత్రం ఆలోచించకుండా 119. అంబులెన్సుకు డబ్బు తీసుకోరు.

మూడు నెలలకు మించి ఉండే ప్రతి ఒక్కరూ బీమాలో చేరి తీరాలి. అందరికీ బీమా అన్న పద్ధతి 1961 నుంచీ ఉంది. కంపెనీ ఉద్యోగులను కంపెనీయే చేరుస్తుంది, వారి మీద ఆధారపడిన భార్యాబిడ్డలూ అందులోనే వస్తారు. మిగతావారు ఇల్లు తీసుకున్న 14 రోజుల్లో వార్డు ఆఫీసులో చిరునామా నమోదు చేసుకునేటప్పుడే జాతీయ ఆరోగ్య బీమాలో చేరాలి. ఆలస్యం చేస్తే మీరు వచ్చిన నాటి నుంచీ ప్రీమియం లెక్కగట్టి వసూలు చేస్తారు, కానీ ఈలోపు పెట్టిన వైద్యం ఖర్చు సాధారణంగా తిరిగి ఇవ్వరు. రెండువైపులా నష్టం. ఈ ప్రీమియం నిరుడు జపాన్‌లో సంపాదించిన ఆదాయాన్ని బట్టి ఉంటుంది. అందుకే మొదటి ఏడు చాలా తక్కువగా కనిపించి, రెండో ఏడు ఒక్కసారిగా పెరుగుతుంది. నివాస పన్ను కూడా అంతే. ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకోని వాళ్లు రెండో ఏడు జూన్‌లో ఇబ్బంది పడతారు.

బిల్లులో మీ వాటా 30 శాతం, బడి వయసు రాని పిల్లలకు 20. ఆ పిల్లల వాటాను కూడా తోక్యో వార్డులు భరిస్తాయి. అయితే దానికి విడిగా దరఖాస్తు చేసి కార్డు తెచ్చుకోవాలి. జపాన్ వ్యవస్థలో కొత్తవాళ్లు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. సాయం ఉంటుంది, సొమ్ము ఉంటుంది, మర్యాదగా మాట్లాడే ఉద్యోగి ఉంటాడు. కానీ మీరు కౌంటరు దగ్గరికి వెళ్లి అడిగితేనే అది కదులుతుంది. ప్రసవానికి ఇచ్చే 5 లక్షల యెన్లు, పిల్లల భత్యం, వృద్ధుల సంరక్షణ, అన్నీ ఇంతే.

పెద్ద బిల్లు వస్తే నెలవారీ పరిమితి కాపాడుతుంది. ఇది ఆదాయాన్ని బట్టి ఉంటుంది, అప్పుడప్పుడూ మారుస్తుంటారు. చాలాకాలం అమల్లో ఉన్న లెక్కలో, మధ్యస్థ ఆదాయం ఉన్న వ్యక్తికి పది లక్షల యెన్ల చికిత్స జరిగితే చివరికి చేతి నుంచి పడేది సుమారు 87 వేలు. కానీ నెల అంటే ఒకటో తారీఖు నుంచి నెలాఖరు వరకు. 25న చేరి వచ్చే నెల 8న ఇంటికి వస్తే పరిమితి రెండుసార్లు లెక్కిస్తారు. తొందరలేని ఆపరేషన్ అయితే నెల మొదట్లో పెట్టించుకోవడం మేలు. ఆసుపత్రి భోజనం, విడిగది అద్దె ఈ పరిమితిలోకి రావు. మందుల చీటీ రాసిన రోజుతో కలిపి నాలుగు రోజులే చెల్లుతుంది, శుక్రవారం రాయించుకుని సోమవారం దాటితే మళ్లీ డాక్టరు దగ్గరికే వెళ్లాలి. కొత్తగా బీమా కార్డులు ఇవ్వడం 2024 డిసెంబరు 2తో ఆగిపోయింది. అక్కడి గుర్తింపు కార్డు అయిన మై నంబర్ కార్డుకే బీమాను అనుసంధానం చేయించుకోండి, లేదంటే అర్హత ధ్రువపత్రం అడిగి తీసుకోండి.

ప్రశ్న: నేను జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సు పూర్తిచేశాను. జపాన్‌లో ‘కైగో’ ఉద్యోగం ఇప్పిస్తామని ఒక ఏజెంటు మూడు లక్షలు అడుగుతున్నాడు. వెళ్లొచ్చా? అక్కడ నర్సుగానే పనిచేస్తానా? (కరీంనగర్)

ముందు రెండో ప్రశ్న. కాదు, నర్సుగా కాదు. కైగో అంటే వృద్ధుల శరీర సంరక్షణ. తినిపించడం, స్నానం చేయించడం, మరుగుదొడ్డికి తీసుకెళ్లడం, డైపరు మార్చడం, మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి మార్చడం, రోజంతా జరిగింది జపనీస్‌లో రాసిపెట్టడం మీ పని. ఇంజెక్షన్ ఇవ్వరు, సెలైన్ పెట్టరు. అక్కడ నర్సు కావాలంటే జపాన్ జాతీయ నర్సుల పరీక్ష జపనీస్‌లోనే రాయాలి. ఈ తేడా తెలియక వెళ్లిన నర్సులు మొదటి మూడు నెలల్లోనే కుంగిపోతారు. తెలిసి, ఇష్టపడి వెళ్తే ఇది గౌరవమైన పని. పడిపోయిన మనిషిని తిరిగి తన కాళ్ల మీద నాలుగడుగులు వేయించడం వాళ్లు ఒక శాస్త్రంగా నేర్చుకున్నారు.

‘నిర్దిష్ట నైపుణ్య కార్మికుల’ వీసా 2019 ఏప్రిల్‌లో మొదలైంది. దీని మీద భారత్, జపాన్‌ల ఒప్పందం 2021 జనవరిలో కుదిరింది. మూడు పరీక్షలు గట్టెక్కాలి: సాధారణ జపనీస్ (జేఎల్‌పీటీ అనే భాషా పరీక్షలో ఎన్4 స్థాయి, లేదా జేఎఫ్‌టీ బేసిక్ అనే పరీక్ష), కైగో నైపుణ్య పరీక్ష, కైగో జపనీస్ పరీక్ష. ఎన్4తో వీసా వస్తుంది కానీ పని నడవదు. ఎనభై దాటిన అవ్వ తన ఊరి యాసలో, పళ్లసెట్టు తీసేసి మాట్లాడితే పుస్తకం భాష సరిపోదు. దానికి ఒక మెట్టు పైనున్న ఎన్3 దాకా చదివి వెళ్లినవాళ్లే నిలదొక్కుకుంటారు.

ఈ వీసా మీద సాధారణంగా అయిదేళ్ల దాకా ఉండొచ్చు, కుటుంబాన్ని తీసుకెళ్లలేరు. ఆ లోపు ‘కైగో ఫుకుషిషి’ అనే జాతీయ పరీక్ష నెగ్గితే వేరే వీసా వస్తుంది. దాన్ని ఎన్నిసార్లయినా పొడిగించుకోవచ్చు, భర్తనూ పిల్లలనూ తెచ్చుకోవచ్చు. దానికి మూడేళ్ల పని అనుభవం, 450 గంటల శిక్షణ కావాలి. పరీక్ష ఏడాదికొక్కసారే, జనవరిలో, 125 ప్రశ్నలు. ఇప్పుడు దాన్ని భాగాలుగా నెగ్గే వీలు కూడా కల్పించారు. ఉన్నది అయిదేళ్లు, మూడేళ్లదాకా రాయడానికే అర్హత లేదు. అంటే మీకు దొరికే అవకాశాలు రెండు, మహా అయితే మూడు. చేరిన మొదటి నెల నుంచే రోజుకో గంట చదువు పెట్టుకోకపోతే అయిదేళ్లు ఇట్టే అయిపోతాయి.

డబ్బు సంగతి. ఇప్పటి నిబంధనల ప్రకారం మన దేశంలో నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్‌టీ. మూడు లక్షలు ఎందుకో రాతపూర్వకంగా అడగండి. భాషా శిక్షణ, హాస్టలు అని చెబితే విడివిడిగా రసీదులు ఇవ్వమనండి. సంస్థ పేరు కేంద్ర ప్రభుత్వ ఇ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూడండి. మధ్యలో మానేస్తే జరిమానా కట్టాలనే కాగితం, సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామనే మాట వస్తే అక్కడితో ఆపేయండి. అలాంటి పూచీకత్తు, జరిమానా ఒప్పందాలను జపాన్ నిబంధనలు ఒప్పుకోవు. విమానాశ్రయం నుంచి తీసుకెళ్లడం, ఇల్లు చూసిపెట్టడం, బ్యాంకు ఖాతా తెరిపించడం లాంటి తప్పనిసరి సహాయానికి అయ్యే ఖర్చును మీ మీద వేయకూడదు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా జపాన్ ఉద్యోగాలకు ఎంపికలు చేస్తుంది, ముందు అక్కడ విచారించండి.

ఒప్పందంలో చెప్పిన జీతం చేతికి రాదు. ఆరోగ్య బీమా, పింఛను, ఉపాధి బీమా, ఆదాయపు పన్ను, గది అద్దె పోగా మిగిలేది ఎంతో రాసిమ్మని అడగండి. రాత్రి డ్యూటీలు నెలకు ఎన్నో కూడా అడగాలి, భత్యం అక్కడే వస్తుంది. వదిలేసి వచ్చేటప్పుడు కట్టిన పింఛనులో కొంత, గరిష్ఠంగా అయిదేళ్ల లెక్కకు, తిరిగి తీసుకోవచ్చు. దేశం వదిలిన రెండేళ్లలోపు దరఖాస్తు చేయాలి. ఇక నడుం జాగ్రత్త. మనిషిని చేతుల బలంతో ఎత్తడం మొదలుపెడితే ఏడాదిలో నడుం పోతుంది. మంచం ఎత్తు సరిచేసుకోవడం, జారే షీటు, ఎత్తే యంత్రం వాడటం నేర్పే చోటే చేరండి. ఇంటర్వ్యూలో ఇదే అడగండి, జవాబు చెప్పే తీరులోనే ఆ సంస్థ ఎలాంటిదో తెలుస్తుంది.

ప్రశ్న: జపాన్‌వాళ్లు నూరేళ్లు బతకడానికి రహస్యం ఏమిటి? చేపలా, గ్రీన్ టీయా? (రాజమహేంద్రవరం)

1963లో జపాన్‌లో నూరేళ్లు దాటినవాళ్లు 153 మంది. 2024 సెప్టెంబరుకు 95,119 మంది, అందులో 88 శాతం ఆడవాళ్లు. చేపలూ టీ అప్పుడూ ఉన్నాయి. మరి మారిందేమిటి?

ఉప్పు మారింది. 1951 నుంచి 1980 దాకా జపాన్‌లో అందరికన్నా ఎక్కువమందిని చంపింది పక్షవాతం. మంచు కురిసే ఉత్తరాది జిల్లాల్లో ఏడాదంతా ఊరగాయలు, ఉప్పు చేపలు, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) కలిపిన చిక్కటి పులుసు. ఆంధ్రా ఆవకాయ ఇంటివాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఫ్రిజ్జులు రావడంతో ఉప్పులో నిల్వచేసే అవసరం తగ్గింది. ఊరూరా బీపీ పరీక్షలు చేశారు. నగానో జిల్లాలో స్వచ్ఛంద కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి పులుసులో ఉప్పు కొలిచి చూపించారు, ఊరగాయ ఎంత వడ్డిస్తున్నారో మాట్లాడారు. ఆ జిల్లా తర్వాత ఆయుర్దాయంలో దేశంలోనే ముందు వరుసకు వచ్చింది. ఇప్పటికీ జపాన్‌లో సగటు ఉప్పు రోజుకు సుమారు 10 గ్రాములు. లక్ష్యం మగవారికి 7.5, ఆడవారికి 6.5 గ్రాములు. ఒక గిన్నె మిసో పులుసులో గ్రాము పైన ఉప్పుంటుంది, రామెన్ అనే నూడుల్స్‌లోని పులుసంతా తాగేస్తే ఒక్కపూటలో 6 గ్రాముల దాకా వెళ్తుంది. కాబట్టి జపాన్ భోజనమంతా ఆరోగ్యమే అనుకుని ఇన్‌స్టంట్ రామెన్ తినడం మొదలుపెట్టకండి.

ఒకినావాను చూసినా ఇదే తెలుస్తుంది. దీర్ఘాయువుకు పేరున్న ఆ దీవుల్లో 2000 నాటి లెక్కల్లో మగవారి ఆయుర్దాయం 47 జిల్లాల్లో 26వ స్థానానికి పడిపోయింది. కొవ్వు తిండి, కారు మీదే తిరగడం ఒక తరాన్ని మార్చేశాయి. నేల, నీరు, రక్తం మారలేదు.

దంతాల సంగతీ చెప్పాలి. ‘80 ఏళ్లకు 20 పళ్లు’ అన్న ఉద్యమం 1989లో మొదలైంది. అప్పట్లో ఆ వయసులో అన్ని పళ్లున్నవాళ్లు అరుదు, 2016 సర్వే నాటికి సగం మందికి పైగా ఉన్నాయి. నమలగలిగితేనే కూరలు, మాంసం తింటారు, కండ నిలుస్తుంది. మన దగ్గర అరవై దాటితే పళ్లు ఊడటం సహజమనుకుంటాం, అది మానుకోవాలి. చివరిగా, బతికిన కాలం వేరు, ఆరోగ్యంగా బతికిన కాలం వేరు. 2022 లెక్కల్లో ఈ రెంటికీ మధ్య తేడా మగవారికి సుమారు 8 ఏళ్లు, ఆడవారికి 11 ఏళ్లకు పైనే.

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ అయ్యాక ఏడాదిగా గది తలుపు వేసుకునే ఉంటున్నాడు. జపాన్‌లో ‘హికికొమొరి’ అంటారని విన్నాను. అక్కడ ఏం చేస్తారు? (గుంటూరు)

ఆరు నెలలకు మించి ఇల్లు వదలకుండా, చదువుకూ పనికీ స్నేహాలకూ దూరంగా ఉండిపోవడాన్ని అక్కడ అలా అంటారు. 15 నుంచి 64 ఏళ్లవారిలో ఇలాంటివారు సుమారు 14.6 లక్షలని 2023లో వెలువడిన ప్రభుత్వ అంచనా. సోమరితనం అని కొట్టిపారేసి, సిగ్గుపడి దాచిపెట్టిన కుటుంబాల్లో ఇప్పుడు ఎనభై ఏళ్ల తల్లిదండ్రులు యాభై ఏళ్ల బిడ్డలను పోషిస్తున్నారు. మీరు ఏడాదికే అడుగుతున్నారు, అది చాలా మంచి పని.

మొదట తేల్చుకోవాల్సింది జబ్బు ఉందా అని. నిద్ర, తిండి బాగా తగ్గడం, చనిపోతాననే మాటలు, ఎవరో తనను గమనిస్తున్నారనడం, తనలో తాను మాట్లాడుకోవడం ఉంటే ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడిని కలవాలి. అబ్బాయి రాకపోయినా మీరే ముందు వెళ్లండి. జపాన్ సహాయ కేంద్రాల్లో పని మొదలయ్యేది తల్లిదండ్రులతోనే, బిడ్డ కనిపించేది ఎన్నో నెలల తర్వాత. మన దగ్గర 14416 టెలీ మానస్‌కు తెలుగులోనే ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇంట్లో ఏం చేయాలంటే, జవాబు ఆశించకుండా పలకరించడం. “టిఫిన్ పెట్టాను నాన్నా” అంటే చాలు, “ఎప్పుడు లేస్తావు” అనొద్దు. ఉద్యోగం, పెళ్లి, పక్కింటి అబ్బాయి ప్రస్తావనలు పూర్తిగా మానేయాలి. అతను గది బయటికి వచ్చిన క్షణాన్ని సలహాలకు వాడుకుంటే మర్నాటి నుంచి మీరు పడుకున్నాకే వస్తాడు. అన్నం తలుపు దగ్గర పెట్టే అలవాటుంటే ఒక్కసారిగా ఆపకుండా, ఒక పూట హాల్లో అతనికి నచ్చినది వండిపెట్టండి. చిన్న సాయం అడగండి, చేస్తే సంతోషం చెప్పి ఊరుకోండి. చేతి ఖర్చుకు నెలకింత అని మాట్లాడుకుని ఇవ్వండి, అసలు ఇవ్వకపోతే బయటి లోకంతో ఉన్న చివరి దారమూ తెగుతుంది. మెరుగుదల నెలల్లో కొలవాలి. కొడితే మాత్రం ఓర్చుకోకండి, ఆ క్షణానికి ఇల్లు వదిలి బయటికి వెళ్లండి, అవసరమైతే పోలీసులను పిలవండి.

తలుపు బద్దలుకొట్టి లాక్కెళ్లి బాగుచేస్తామనే వ్యాపార సంస్థలు జపాన్‌లోనూ పుట్టాయి. లక్షలు తీసుకున్నాయి, కోర్టులు వాటి చేత పరిహారం కట్టించిన కేసులున్నాయి. ఇక్కడ ఎవరైనా అలాంటి మాట చెబితే నమ్మకండి.

ప్రశ్న: ఓసాకాలో కంపెనీ ఆరోగ్య పరీక్షల్లో కడుపు ఎక్స్‌రే కోసం బేరియం ద్రవం తాగాలన్నారు. తప్పదా? (ఓసాకా)

ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష కంపెనీకి చట్టబద్ధమైన బాధ్యత, మీరూ చేయించుకోవాలి. కానీ కడుపు ఎక్స్‌రే ఆ తప్పనిసరి జాబితాలో లేదు. వద్దనొచ్చు, లేదా ఎండోస్కోపీ అడగొచ్చు. గర్భం ఉన్నవాళ్లు, తీవ్ర మలబద్ధకం, పేగు ఆపరేషన్ అయినవాళ్లు బేరియం తాగకూడదు. తాగితే ముందు రాత్రి 9 తర్వాత ఏమీ తినకండి. నురగ పొడి మింగాక త్రేన్పు ఆపుకోవాలి, వస్తే కడుపు ముడుచుకుని బొమ్మ పాడవుతుంది. అయ్యాక ఇచ్చే విరేచనం మాత్రలు అక్కడే వేసుకుని, రోజంతా నీళ్లు బాగా తాగండి. లేకపోతే బేరియం పేగులో గట్టిపడుతుంది. రెండు రోజులైనా తెల్లటి విరేచనం కాకపోతే డాక్టరును చూడాలి.

ప్రశ్న: నగోయా వెళ్తున్నాం. మేం శాకాహారులం. కూరగాయల ఉదోన్ (పులుసులో వేసిన లావు నూడుల్స్) తినొచ్చంటారా? (పుణె)

కూరగాయలు పైన ఉంటాయి, పులుసు మాత్రం ఎండు బొనీటో చేపది. ‘దాషి’ అనే ఈ రసం ఉదోన్, సోబా నూడుల్స్, మిసో పులుసు, ఉడికించిన గుమ్మడికాయ, గుడ్డు అట్టు అన్నింట్లోనూ ఉంటుంది. “మాంసం లేదు” అని హోటల్లో చెప్పేది నిజమే, చేప రసం వాళ్లకు మాంసం లెక్కలోకి రాదు. కాబట్టి “కత్సువో దాషి (బొనీటో చేప రసం) ఉందా” అని అడగాలి. దుకాణంలో మిసో కొనేటప్పుడు కూడా ‘దాషి కలిపినది’ అని ఉంటే పక్కన పెట్టండి. బౌద్ధ ఆలయాల ‘షోజిన్’ భోజనంలో చేప వాడరు.

ఇంట్లో చేసుకోవడం తేలిక. లీటరు నీళ్లకు 10 గ్రాముల కొంబు, అంటే ఎండు సముద్రపు పాచి. దాని మీది తెల్ల పొడి కడిగేయకండి, రుచి అందులోనే ఉంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు. అరగంట నానబెట్టి సన్నమంట మీద పది నిమిషాలు వేడిచేసి, అడుగున చిన్న బుడగలు లేవగానే కొంబు తీసేయాలి. తెర్లనిస్తే జిగురుగా, చేదుగా అవుతుంది. తీరిక లేకపోతే రాత్రి నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి, పొద్దున్నకు తయారు. మూడు ఎండు షిటాకే పుట్టగొడుగులను వేరే గిన్నెలో చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు కలిపితే రుచి ఎంతో పెరుగుతుంది. వేడినీళ్లలో త్వరగా నానబెడితే ఆ రుచి రాదు. మిసో పులుసుకు ఒక గిన్నె దాషికి రెండు టీ చెంచాల మిసో, పొయ్యి ఆపాకే కలపాలి. థైరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు కొంబు రోజూ వాడకండి. అందులో అయోడిన్ చాలా ఎక్కువ, వారానికి ఒకటి రెండుసార్లు చాలు. మిగతా రోజులకు షిటాకే నీళ్లే వాడుకోండి.